టిప్పర్ తగిలితే "కాలుజారి పడ్డాడు" అని రాయించకండి: సైటు కూలీల ప్రమాదాలపై అపోహలు - వాస్తవాలు

చిత్తూరు కోర్టులో ప్రమాద కేసులు చూస్తుంటాను. నా దగ్గరికొచ్చే సైటు కూలీల ఆసుపత్రి కాగితాల్లో ఒకటే మాట: "పనిలో కాలుజారి పడ్డాడు". మనిషిని అడిగితే టిప్పర్ రివర్సులో వచ్చి గుద్దిందంటాడు.

అపోహ: బండి పేరెత్తితే పోలీసు కేసవుతుంది, పని పోతుంది. పడ్డాడంటే ఖర్చంతా మేస్త్రీ చూసుకుంటాడు.

వాస్తవం: కూలీలను నిలువునా ముంచేది ఈ మాటే. చాలా సైట్లలో టిప్పర్ అద్దెది. దానికి ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం కట్టాల్సింది ఆ ఇన్సూరెన్స్ కంపెనీ, కాంట్రాక్టరు కాదు. ఆ కంపెనీ వకీలు ముందుగా తీసేది క్యాజువాలిటీలో గాయం ఎలా అయిందో డాక్టరు రాసిన కాగితం, ఎంఎల్‌సీ. అందులో "పడ్డాడు" అని ఉండి, నెల తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో బండి నంబరు కనిపిస్తే "డబ్బుకోసం బండిని ఇరికించారు" అంటాడు.

పలమనేరు వైపు రోడ్డు పనిలో కాలు నుజ్జయిన ఒకాయన భార్య "మేస్త్రీ మా ఊరోడే సార్, అన్యాయం చేస్తాడా" అంది. ఆయన చెడ్డోడేం కాదు, ఆసుపత్రికి క్యారియర్ కూడా పంపాడు. రెండో ఆపరేషన్ అనగానే ఫోనెత్తడం మానేశాడు. ఆ రోజు కంకర లోడ్లు రాసుకునే ట్రిప్ షీటులో బండి నంబరు, టైము దొరికాయి కాబట్టి కేసు నిలబడింది.

"రెండు చోట్లా కేసేసి రెండు పరిహారాలూ తీసుకోవచ్చట." ఎవరు పుట్టిస్తారో ఈ మాటలు! మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం యజమాని నుంచి వచ్చే కార్మిక పరిహారమో, వాహన ప్రమాదాల ట్రిబ్యునలో, ఒక్కటే. మొదటిదానిలో డ్రైవరు తప్పు రుజువు చేయక్కర్లేదు, కానీ జీతం లెక్కకు పరిమితి ఉంది. రెండోదానిలో మామూలుగా తప్పు చూపాలి, ఆ పరిమితి లేదు. ట్రిబ్యునల్‌కైతే 6 నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, ఆలస్యం చేయొద్దు.

తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారా? కార్మిక పరిహారం హక్కు వదులుకున్నట్టు రాసిచ్చినా చెల్లదు. రిఫ్లెక్టర్ జాకెట్ లేకపోతే ట్రిబ్యునల్‌లో మొత్తం పోతుందనేదీ అబద్ధం, మహా అయితే కొంత తగ్గుతుంది. రోడ్డు మీద ప్రమాదమైతే, 2025 మేలో వచ్చిన పథకం కింద గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో 7 రోజులపాటు 1.5 లక్షల వరకు నగదు కట్టకుండా వైద్యం ఉంది. వాహన ప్రమాదమని చెబితేనే అదీ వర్తిస్తుంది.

ఇప్పటికే "పడ్డాడు" అని రాయించేశారా? కంగారు పడకండి. ఇవాళే స్టేషన్‌కెళ్లి, అలా ఎందుకు చెప్పాల్సొచ్చిందో, ఎవరు చెప్పమన్నారో, పక్కన పనిచేస్తూ చూసినవాళ్లెవరో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.