పొదిగే గుడ్డుకు సూది వేస్తే పిల్లలు ఎక్కువ వస్తాయా?

హ్యాచరీలో పనిచేసే నాకు చిన్న ఇంక్యుబేటరు పెట్టుకున్న నాటుకోళ్ల పెంపకందార్ల నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఒకటే: "సార్, గుడ్డులోకి బి కాంప్లెక్స్ ఎంత ఎక్కించాలి?" వంద గుడ్లు పెడితే సగం కూడా పిల్లలు కాని మనిషి ఆందోళన నాకు అర్థమవుతుంది; అతనికి ఈ సలహా ఇచ్చిన వారిపైనే నా కోపం.

అపోహ: గ్లూకోజు, విటమిన్లు ఎక్కిస్తే హ్యాచింగ్ శాతం పెరుగుతుంది.

వాస్తవం: పెద్ద హ్యాచరీలలో 18వ రోజు ప్రాంతంలో, గుడ్లను సెట్టరు (అప్పటిదాకా పొదిగే యంత్రం) నుంచి హ్యాచరు (పిల్లలు బయటికి వచ్చే యంత్రం)కు మార్చేటప్పుడు యంత్రంతో వేసేది ప్రధానంగా మారెక్స్ అనే కోళ్ల వైరస్ జబ్బుకు టీకా, మోతాదు సాధారణంగా గుడ్డుకు 0.05 మి.లీ. అది పుట్టబోయే పిల్లను రోగం నుంచి కాపాడటానికే గాని ఎక్కువ పిల్లలను పుట్టించడానికి కాదు, అన్నీ సవ్యంగా జరిగితే హ్యాచింగ్ శాతం తగ్గకుండా ఉంటుంది, అంతే. పుంజు కలవని గుడ్డునూ, మొదటి వారంలోనే పిండం చనిపోయిన గుడ్డునూ ఏ సూదీ బతికించలేదు. పోషకాలు ఎక్కించే పరిశోధనలు ఉన్నాయి. వాటిలో ఆశించేది ఎక్కువగా పిల్ల పేగుల ఎదుగుదల, కాలేయంలో గ్లైకోజెన్ (శక్తినిచ్చే పిండిపదార్థం) నిల్వ. ద్రావణం చిక్కనైతే పిండానికే హాని, హ్యాచింగ్ పడిపోతుంది.

సమయమూ చోటూ ముఖ్యమే. 18వ రోజుకు పిల్ల దాదాపు పూర్తిగా తయారై ఉమ్మనీటిని మింగుతూ ఉంటుంది కాబట్టి అందులో పడిన మందు లోపలికి చేరుతుంది. గాలిగదిలోనే, అంటే గుడ్డు మొద్దు కొనలో ఉండే గాలి ఖాళీలోనే, ఆగిపోతే టీకా సరిగా పట్టదు. ఏడో రోజునే పొడిస్తే ఆ రంధ్రం రెండు వారాల పాటు సూక్ష్మజీవులకు వాకిలి అవుతుంది.

నిరుటి వానాకాలంలో ఒక యువకుడు వరిగడ్డి పరిచిన బకెట్లో, పొదిగించినా పిల్లలు కాని గుడ్లు పన్నెండు తెచ్చాడు. అన్నింటికీ ఒకే సిరంజి వాడి, రంధ్రాలను కొవ్వొత్తి మైనంతో మూశాడు. మాస్కు కట్టుకుని పగలగొట్టి చూస్తే గాలిగది పొర మీద బూడిద, ఆకుపచ్చ రంగుల్లో బూజు; మైనం దానికి కాపలా కాసింది.

ఇక మిగతా అపోహలు. రంధ్రం పడితేనే పిల్ల చస్తుందనడం తప్పు: అమెరికాలో 1990ల నుంచే హ్యాచరీలు గుడ్లకు యంత్రాలతో టీకాలు వేస్తున్నాయి, గుడ్డు గుడ్డుకూ సూదిని శుద్ధి చేస్తూనే. గుడ్డులోనే హార్మోన్లు ఎక్కించి బ్రాయిలర్లను పెంచుతారన్నది వట్టి పుకారు. తినే గుడ్డులోనూ టీకా ఉంటుందన్న భయం అక్కర్లేదు: అంగట్లో కొనే గుడ్డును ఎవరూ పొదిగించరు, దానికి ఈ టీకా ప్రసక్తే లేదు.

సిరంజి కొనే ముందు పిల్లలు కాని గుడ్లను పగలగొట్టి చూడండి. రక్తపు వలయం కనిపిస్తే పిండం తొలిరోజుల్లోనే పోయినట్టు. నిండుగా ఎదిగి ముక్కుతో పెంకు పొడవలేక చనిపోయి ఉంటే వేడినీ తేమనూ అనుమానించండి. ఆ యువకుడి చేత వారం తర్వాత ఇంక్యుబేటరే తెప్పించాను. దాని తెర మీద ఉండవలసిన 37.5 డిగ్రీలే కనిపిస్తుండగా, గుడ్ల పక్కన పెట్టిన నా థర్మామీటరులో 39 దాటింది.