మత్తు ఇస్తే పేగులు దెబ్బతింటాయా? అపోహలు - వాస్తవాలు

కర్నూలులో మత్తు డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్ ముందు రోజు ఇంటివాళ్ళు టెన్షన్‌గా అడిగే మాటలివి.

అపోహ: మత్తు ఇస్తే పేగులకు రక్తం ఆగిపోతుంది.
వాస్తవం: ఆగదు, కానీ తగ్గొచ్చు. గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు పేగులు, కాలేయం వైపు వెళ్తుంది. ఒంట్లో నీరు, రక్తం తక్కువైతే శరీరం ముందు పేగుల వాటాకే కోత పెట్టి గుండెనూ మెదడునూ కాపాడుకుంటుంది. మత్తుమందులు చాలావరకు బీపీని దించుతాయి. అందుకే సగటు బీపీ (పై అంకె, కింది అంకె రెంటినీ బట్టి లెక్కగట్టేది) 65 కంటే పడిపోకుండా ఆపరేషన్ అంతసేపూ చూస్తూనే ఉంటాం.

అపోహ: గ్యాస్ మత్తు చెడ్డది, నరానికి ఇచ్చేది మంచిది.
వాస్తవం: పాతకాలపు మత్తు గ్యాస్ హాలోథేన్ పేగులు, కాలేయం వైపు వెళ్ళే రక్తాన్ని బాగా తగ్గించేది. ఇప్పటి ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్ చాలా నయం. నరానికి ఇచ్చే ప్రొపోఫాల్ కూడా గబగబా ఎక్కిస్తే బీపీని దించేస్తుంది. నడుముకు ఇచ్చే సూదితోనూ బీపీ పడుతుంది. నన్నడిగితే మందు పేరు కన్నా మోతాదు, ఇచ్చే తీరు, ఒంట్లో నీరు ముఖ్యం.

అపోహ: ముందు రాత్రి నుంచి చుక్క నీరు ముట్టకూడదు.
నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మే నెల ఎండల్లో ఆలూరు, పత్తికొండ నుంచి బస్సులో వస్తారు. "రాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు మేడం" అని గొప్పగా చెప్తారు. నాలుక చూస్తే అట్టకట్టి ఉంటుంది, మూత్రం ముదురు పసుపు. ఈ స్థితిలో మత్తు ఇస్తే బీపీ ఒక్కసారిగా జారుతుంది, పేగులకు రక్తం తగ్గేది అప్పుడే. అన్నం, టిఫిన్, పాలు, టీ ఆపరేషన్‌కు కనీసం 6 గంటల ముందే ఆపాలి. ఉత్త మంచినీళ్ళు మాత్రం సాధారణంగా 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పేగు అడ్డుపడినవాళ్ళకు, గర్భిణులకు, ఎమర్జెన్సీ ఆపరేషన్లకు లెక్క వేరు. మీకెంత అన్నది మీ మత్తు డాక్టర్‌నే అడగండి.

అపోహ: ఆపరేషన్ తర్వాత కింద నుంచి గ్యాస్ పోలేదంటే మత్తు ఇంకా దిగలేదు.
వాస్తవం: మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. పొట్ట ఆపరేషన్ తర్వాత చిన్నపేగు త్వరగానే కదులుతుంది, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పట్టొచ్చు. కోత, పేగులను కదిలించడం, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు దీనికి కారణాలు. డాక్టర్ సరేనన్నాక లేపి నాలుగడుగులు నడిపించండి. పొట్ట ఉబ్బుతూ, నొప్పి పెరుగుతూ, ఆకుపచ్చ వాంతులైతే మాత్రం మత్తు ప్రభావమేలే అని ఊరుకోకుండా వెంటనే వార్డులో నర్సుకు చెప్పండి.