అవతల ఎవరున్నారు? ఆన్‌లైన్ భాషా పాఠాల వెనకున్న పాత కథ

మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉండే అమ్మాయి నర్సు. డ్యూటీ దిగి, స్నానం చేసి, రాత్రి తొమ్మిదిన్నరకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని బాల్కనీలోకి వస్తుంది. ఫోన్లో అవతల కోయంబత్తూరు నుంచి ఇంకో నర్సు. ఆస్పత్రిలో ఉన్న ఓ స్నేహితురాలిని చూడ్డానికి ఇద్దరూ కలిసి వెళ్లాలి: ఏ రోజు వెళ్దాం, బస్సా రైలా, పూలు కొందామా పళ్లు కొందామా. అంతా జర్మన్‌లోనే. నిజానికి అలాంటి స్నేహితురాలెవరూ లేరు. అది జర్మన్ భాషా సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ1 పరీక్షకు ప్రాక్టీసు. ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో బీ1 మూడోది.

ఆ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ వేరువేరు. ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే పాస్. మాట్లాడే భాగంలో మామూలుగా ఇద్దరు అభ్యర్థుల్ని జంటగా కూర్చోబెడతారు. మొదటి పని, ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయడం. ఈ నర్సు అమ్మాయి మొదటి మూడూ గట్టెక్కింది. మాట్లాడేదే మిగిలిపోయింది. "ఇంటర్నెట్‌లో అన్నీ ఉన్నాయి కదమ్మా, ఇంకేం కావాలి?" అంటారు వాళ్ల నాన్న. "అన్నీ ఉన్నాయి నాన్నా, వింటే అర్థమవుతుంది, నోరు తెరిస్తేనే రాదు" అంటుంది ఆ అమ్మాయి. ఈ తండ్రీ కూతుళ్ల వాదన ఈనాటిది కాదు. ఇంటర్నెట్ కంటే చాలా పాతది.

దూరం నుంచి భాష నేర్పే వ్యాపారం గ్రామఫోన్ రోజుల్లోనే మొదలైంది. లండన్‌లో జాక్ రోస్టన్ 1901లో లింగ్వాఫోన్ పెట్టాడు. మొదట మైనపు సిలిండర్ల మీద, తర్వాత రికార్డుల మీద పాఠాలు అమ్మాడు. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో ఉన్న ఒక కరస్పాండెన్స్ స్కూలు చేసిన పని నాకు ఇంకా ముచ్చటగా అనిపిస్తుంది. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వినిపించడమే కాదు, రికార్డు కూడా చేసేది. విద్యార్థి పాఠం విని, తన ఉచ్చారణ ఖాళీ సిలిండర్ మీద పలికి, పోస్టులో పంపేవాడు. మాస్టారు విని తప్పులు దిద్ది తిరిగి పంపేవాడు. ఇవాళ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో ట్యూషన్ చెప్పేవాళ్లు చేస్తున్నది ఇదే, మధ్యలో పోస్ట్‌మ్యాన్ లేడంతే.

గ్రామఫోన్ రికార్డులు వచ్చాక ఆ ముచ్చట పోయింది. రికార్డు చవక, నాణ్యత ఎక్కువ, కానీ వినడానికే తప్ప పలకడానికి పనికిరాదు. తర్వాత రేడియో. బీబీసీ 1943లో రేడియోలో ఇంగ్లీషు పాఠాలు మొదలుపెట్టింది. లక్షల మందికి ఒకేసారి చెప్పొచ్చు, ఒక్కరి జవాబూ వినక్కర్లేదు. అక్కడి నుంచి క్యాసెట్లు, సీడీలు, యూట్యూబ్ దాకా వచ్చిందంతా ఈ ఒక్క దారే. వినిపించడం ఏటేటా తేలికైంది. బదులు పలికేవాడి సంగతి ఎక్కడిదక్కడే ఉంది.

యంత్రమే బదులు పలికితే? ఆ ఆలోచనకు కూడా అరవై ఏళ్లు దాటాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డాన్ బిట్జర్ 1960లో ప్లేటో అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ మొదలుపెట్టాడు. 1970ల్లో దాని నాలుగో రూపానికి వేలితో తాకితే పనిచేసే ప్లాస్మా తెర ఉండేది. అందులో రష్యన్ లాంటి భాషల పాఠాలు కూడా పెట్టారు. విద్యార్థి వాక్యం టైప్ చేస్తే ఎక్కడ తప్పిందో యంత్రం అక్కడికక్కడే చూపేది. ముందుగా ఊహించి పెట్టుకున్న జవాబులకే ఆ తెలివి. మీరు సరదాగా అడ్డదారి పట్టారా, దానికి దారి తెలీదు.

ఇంటర్నెట్ కొత్తగా తెచ్చింది ఇంకొకటి. అవతలివైపు నిజం మనిషిని కూర్చోబెట్టింది. వెబ్ ఇంకా కొత్తగా ఉన్నప్పుడే, 1990ల తొలి ఏళ్లలో, జర్మనీలోని బోహుమ్ కేంద్రంగా ఈమెయిల్ టాండెమ్ నెట్‌వర్క్ నడిచింది. టాండెమ్ అంటే ఇద్దరు తొక్కే సైకిలు. స్పానిష్ నేర్చుకునే జర్మన్‌ని, జర్మన్ నేర్చుకునే స్పెయిన్ విద్యార్థిని జతచేసేవారు. ఉత్తరంలో సగం నా భాషలో, సగం నీ భాషలో. నా తప్పులు నువ్వు దిద్దు, నీ తప్పులు నేను దిద్దుతాను. దాన్ని నడిపినవాళ్లు రెండే సూత్రాలు పెట్టుకున్నారు. ఇద్దరికీ సమానంగా లాభం ఉండాలి, ఎవరికేం కావాలో వాళ్లే తేల్చుకోవాలి. ఉత్తరంలో సొంత భాషలో రాసిన సగం అవతలివాడికి పాఠ్యపుస్తకం అవుతుంది. రోజువారీ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ అంత తాజాగా దొరకదు.

అమెరికాలో ఎంఐటీ వాళ్లు 1997లో మొదలుపెట్టిన కల్చురా అనే కార్యక్రమం ఇంకో అడుగు ముందుకేసింది. ఫ్రెంచ్ నేర్చుకునే అమెరికన్ విద్యార్థులకీ, ఫ్రాన్స్‌లోని విద్యార్థులకీ ఒకే మాటలిచ్చి, వింటే ఏం తోస్తుందో రాయమన్నారు. విచిత్రమేమంటే ఎవరి సొంత భాషలో వాళ్లు రాయాలి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టారు. "వ్యక్తివాదం" అనే మాట దగ్గర అమెరికన్లు స్వేచ్ఛ, స్వతంత్రం అని రాస్తే, ఫ్రెంచివాళ్లలో చాలామంది స్వార్థం అన్నారు. రెండు భాషల్లోనూ ఆ మాట స్పెల్లింగు దాదాపు ఒకటే. డిక్షనరీ చూస్తే రెండూ ఒకటేనంటుంది. అప్పుడిక అసలు చర్చ మొదలైంది. మీరలా ఎందుకనుకుంటారు, మేమిలా ఎందుకనుకుంటాం అని. భాషా పాఠంలో ఇంత అర్థవంతమైన పోట్లాట పెట్టించిన పద్ధతి ఇంకోటి నాకు కనిపించలేదు.

ఒంటరిగా చదివేవాళ్ల కోసం కూడా ఆ రోజుల్లోనే పని జరిగింది, అదీ జీతంలేని పని. జిమ్ బ్రీన్ 1991లో ఆస్ట్రేలియాలో జపనీస్-ఇంగ్లీషు నిఘంటువు ఫైలొకటి మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఇవాళ ఫోన్లలో కనిపించే జపనీస్ డిక్షనరీల్లో చాలావాటికి పునాది అదే. పోలెండ్ విద్యార్థి పియోత్ర్ వోజ్నియాక్ ఇంగ్లీషు మాటలు మర్చిపోతున్నానని విసిగి, 1987లో సూపర్‌మెమో అనే ప్రోగ్రాం రాసుకున్నాడు. ఒక మాట ఇవాళ నేర్చుకుంటే రేపు అడుగుతుంది. గుర్తుంటే ఆరు రోజులకు, ఆ తర్వాత పదిహేను రోజులకు, ఆపైన నెల దాటాక. మర్చిపోయారా, మళ్లీ ఒకటో రోజు నుంచి. జపనీస్ నేర్చుకుంటున్న డేమియన్ ఎల్మ్స్ ఈ లెక్క ఆధారంగానే 2006లో ఆంకీ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. జపనీస్‌లో ఆంకీ అంటే కంఠస్థం. ఎక్కాలు, శతక పద్యాలు వల్లెవేసి పెరిగిన మనకి ఇది కొత్త సంగతేం కాదు, కాకపోతే బెత్తం పట్టుకున్న మాస్టారి చోట క్యాలెండర్ ఉంది.

2007 ఒక మలుపు. సియాటిల్‌లో లైవ్‌మోకా అనే సైట్ మొదలైంది. దాన్ని పెట్టినవారిలో భారతీయుడు శిరీష్ నాడ్కర్ణి ఒకరు. మీరు స్పానిష్‌లో నాలుగు వాక్యాలు రాస్తే స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు దిద్దుతారు, మీరు ఇంకెవరి ఇంగ్లీషో దిద్దాలి. అదే ఏడు జపాన్‌లో లాంగ్-8 అనే సైట్ ఇదే పని డైరీలతో చేసింది. బోహుమ్ ఈమెయిళ్ల ఊహే ఇది, ఊరు మాత్రం పెద్దదైంది.

ఇక్కడ మన తెలుగువాళ్ల ఇబ్బంది ఒకటుంది. ఇచ్చిపుచ్చుకోవడమంటే అవతలివాళ్లకి కావలసిందేదో మన చేతిలో ఉండాలి. మాడ్రిడ్‌లోనో బెర్లిన్‌లోనో తెలుగు కావాలని ఎదురుచూసేవాళ్లు ఎంతమంది? మనం ఇవ్వగలిగింది మన ఇంగ్లీషే. అదీ మనకు రెండో భాషే, మన యాసతోనే. తెలుగు కావలసినవాళ్లు లేకపోలేదు. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తన దౌత్య ఉద్యోగులకు స్పానిష్‌కి ఆరేడు వందల గంటలు లెక్కేస్తే, తెలుగుకి 1,100 గంటలు కేటాయిస్తుంది. ప్రవాసాంధ్రుల పిల్లలున్నారు. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది వాళ్ల కోసమే. అయితే ఆ పిల్లలకి తెలుగు ఇచ్చి జర్మన్ పుచ్చుకోలేం కదా.

లైవ్‌మోకాని 2013లో భాషా పాఠాలమ్మే రోసెట్టా స్టోన్ కంపెనీ 85 లక్షల డాలర్లకు కొంది, 2016లో మూసేసింది. లాంగ్-8 కూడా 2017లో కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపింది. పరోపకారం మీద నడిచే సైట్లకి సర్వర్ బిల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు దొరకలేదు.

డబ్బులిచ్చి మనిషిని తెచ్చుకునే దారి మాత్రం నిలబడింది. 2007లోనే టోక్యోలో రేర్‌జాబ్ మొదలైంది. ఫిలిప్పీన్స్ టీచర్లు స్కైప్‌లో 25 నిమిషాలు జపాన్ వాళ్లకి ఇంగ్లీషు చెప్పేవారు. బీజింగ్‌లో 2013లో వచ్చిన వీఐపీకిడ్ అమెరికన్ టీచర్లని చైనా పిల్లలకి కలిపింది. చైనాలో బడి వదిలే సాయంత్రానికి అమెరికాలో తెల్లవారుజాము. అక్కడ నాలుగింటికే లేచి, వెనక గోడకి రంగురంగుల అట్టలు తగిలించి, కెమెరా ముందు నవ్వుతూ కూర్చునేవారు. 2021 జులైలో చైనా ట్యూషన్ల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. విదేశాల్లో ఉన్నవాళ్లతో పిల్లలకి పాఠాలు చెప్పించకూడదంది. ఆ తెల్లవారుజాము కొలువులు చూస్తుండగానే పోయాయి.

భాషలు నేర్పే యాప్ డుయోలింగో కథ వేరు. దాన్ని పెట్టిన లూయిస్ వాన్ ఆన్‌ది గ్వాటెమాలా. అమెరికాలో చదవాలంటే టోఫెల్ రాయాలి. సొంత దేశంలో సీట్లు ఖాళీ లేక, పక్కనున్న ఎల్ సాల్వడార్‌కి విమానంలో వెళ్లి రాసొచ్చాడు. ఆ మంట ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో ప్రొఫెసరయ్యాక, శిష్యుడు సెవరిన్ హ్యాకర్‌తో కలిసి 2012లో డుయోలింగోని అందరికీ తెరిచాడు. మొదట్లో దాని లెక్క ఏమిటంటే, పాఠం ఉచితం, బదులుగా విద్యార్థి అనువాదం చేసిపెట్టాలి. పది లక్షల మంది పట్టుకుంటే వికీపీడియాని 80 గంటల్లో స్పానిష్‌లోకి మార్చేయొచ్చని 2011లో ఒక ప్రసంగంలో చెప్పాడు. 2013లో సీఎన్ఎన్, బజ్‌ఫీడ్ వార్తలు డుయోలింగో విద్యార్థుల చేత అనువాదం చేయించే ఒప్పందాలు కూడా కుదిరాయి. అది ఎక్కువ కాలం సాగలేదు. 2017 నాటికి అనువాదాల విభాగం మూతపడింది. ప్రకటనలు, చందాలు, పరీక్ష ఫీజు వచ్చి ఆ చోట కూర్చున్నాయి.

విద్యార్థి రాసిన వాక్యం నిజంగా ఎవరో చదువుకునేదిగా ఉండాలన్న ఊహ అలా పోయింది. ఇప్పుడా వాక్యం డుయోలింగో గుర్తయిన గుడ్లగూబకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. తెలుగునాట మాత్రం ఆ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది పాఠాలు కాదు, "డుయోలింగో ఎగ్జామ్". ఇంట్లో కూర్చుని, అప్పట్లో 49 డాలర్లకి రాసే ఇంగ్లీషు పరీక్షగా అది జనంలోకి వచ్చింది. 2020లో కరోనాకి టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ సెంటర్లు మూతపడగానే అమెరికా యూనివర్సిటీలు వరసగా దాన్ని ఒప్పుకున్నాయి. మన పిల్లలకి ఆ దారి అలా తెలిసింది.

మన దగ్గర విదేశీ భాష అంటే చాలాకాలం కొద్దిమంది వ్యవహారం. హైదరాబాద్‌లో 1958లో పెట్టిన ఇంగ్లీషు సంస్థలో 1972లో ఇతర విదేశీ భాషలు చేర్చి సీఫెల్ అన్నారు. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. అందులో సీటు రానివాళ్లకి దోమలగూడ రామకృష్ణ మఠం తరగతులు ఉండేవి. మిగతావాళ్లకి బస్టాండుల్లో "30 రోజుల్లో" పుస్తకాలు. 2016లో జియో వచ్చి డేటా చవకైంది. నాలుగేళ్లకి లాక్‌డౌన్ వచ్చి అమీర్‌పేట కోచింగ్‌లన్నీ జూమ్‌లోకి ఎక్కాయి. అదే సమయానికి జర్మనీకి నర్సుల కొరత. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ నేర్పించి పంపుతోంది. అక్కడ పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 దాకా చదవాలి. అంటే బీ1 పాసైనా ఇంకో మెట్టు మిగిలే ఉంటుంది.

కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఉన్న పిల్ల హాస్టల్ ఖర్చు లేకుండా జర్మన్ చదవగలగడం చిన్న మార్పేమీ కాదు. నేను దాన్ని తక్కువ చేయను. కానీ జూమ్ క్లాసులో నలభై మంది ఉంటే, మాస్టారు మాట్లాడేది పోగా, గంటన్నరలో ఒక్కొక్కరి వంతుకి రెండు నిమిషాలు కూడా రావు. మైకులు మ్యూట్‌లో పెట్టి, అడిగితే చాట్‌లో జవాబు టైప్ చేస్తారు. పాత రేడియోకి అక్కడక్కడా టైప్‌రైటర్ తగిలించినట్టు ఉంటుంది.

2023 నుంచి ఫోనే మాట్లాడుతోంది. ఆ ఏడు మార్చిలో డుయోలింగో జీపీటీ-4 అనే కృత్రిమ మేధతో సంభాషణలు పెట్టింది. తర్వాత ఎవరికి వాళ్లు అలాంటివి తెచ్చారు. ప్లేటోకి తెలియని అడ్డదారులు వీటికి తెలుసు. తెల్లవారుజామున మూడింటికి కూడా విసుక్కోవు. సిగ్గుతో నోరు విప్పనివాళ్లకి ఇది పెద్ద సాయం. ఇద్దరికీ లాభం ఉండాలన్న బోహుమ్ వాళ్ల మొదటి సూత్రం ఒక్కటే దీనికి పట్టదు. దానికి మన నుంచి ఏమీ అక్కర్లేదు.

మా రెండో అంతస్తు అమ్మాయి కూడా అలాంటి యాప్‌తో నెలరోజులు ప్రాక్టీసు చేసింది. "శనివారం వెళ్దామా?" అంటే "గూటే ఇడే!" అనేది. మంచి ఆలోచన అని. "పూలు కొందామా?" "గూటే ఇడే!" "బస్సులో?" "గూటే ఇడే!" ధైర్యం వచ్చి పరీక్షకి వెళ్లింది. ఎదురుగా ఎవరో తెలియని అబ్బాయి. శనివారం వెళ్దామని ఈమె అనగానే, శనివారం నాకు కుదరదు, పైగా ఆస్పత్రిలో పూలు లోపలికి రానివ్వరు అన్నాడట. నర్సుగా ఆ సంగతి ఈమెకి అతనికంటే బాగా తెలుసు. ఏమనాలో తెలుగులో తోచింది, జర్మన్‌లో తోచలేదు.

అందుకే ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి కోయంబత్తూరు. ఆ పిల్లకి తెలుగు రాదు, ఈమెకి తమిళం రాదు. నిన్న బాల్కనీలోంచి పావుగంట సేపు "నైన్, నైన్" అని వినిపించింది, జర్మన్‌లో కాదు, కాదు అని. దేనికీ ఒప్పుకోకూడదని ముందే మాట్లాడుకున్నారట.