ఒకే పరుగు, రెండు తీర్పులు

వలస కాలపు అమెరికా మీద చారిత్రక నవలల మాట ఎత్తితే చాలు, పాత తగవు మళ్లీ రాజుకుంటుంది. ఓడ ఖర్చుకు బదులుగా కొన్నేళ్లు చాకిరీ చేస్తామన్న గడువు ఒప్పందం మీద ఓడలెక్కిన ఇంగ్లిష్, ఐరిష్ సేవకులను కూడా ‘బానిసలు’ అనవచ్చా? ‘ఐరిష్ బానిసలు’ అన్న ప్రచారం తప్పని 2016లో 80 మందికి పైగా పరిశోధకులు, రచయితలు బహిరంగ లేఖ రాసినా ఆ మాట ఆగలేదు.

ఈ తగవును తేల్చే తీర్పు 1640లోనే వర్జీనియాలో వచ్చింది. హ్యూ గ్విన్ అనే ఆసామి దగ్గర పనిచేసే ముగ్గురు మేరీలాండ్‌కు పారిపోయి దొరికిపోయారు. విక్టర్ డచ్చివాడు, జేమ్స్ గ్రెగరీ స్కాట్లండ్ వాడు, జాన్ పంచ్ నల్లజాతివాడు. ముగ్గురికీ తలా 30 కొరడా దెబ్బలు పడ్డాయి. అంతవరకే సమానం. తెల్లవాళ్లిద్దరికీ యజమాని దగ్గర ఒక ఏడాది, ఆపైన వలస ప్రభుత్వానికి మూడేళ్లు చాకిరీ పెంచారు. జాన్ పంచ్ మాత్రం బతికినంత కాలం, ‘ఇక్కడైనా మరెక్కడైనా’ చాకిరీ చేయాలన్నారు. ఈ తేడాకు తీర్పులో కారణం వెతికితే ‘నీగ్రో’ అన్న ఒక్క మాటే కనిపిస్తుంది.

సేవకులు పడ్డ బాధ అబద్ధం కాదు. రిచర్డ్ ఫ్రెతార్న్ 1623లో వర్జీనియా నుంచి తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో తనను విడిపించమని వేడుకున్నాడు. దేవుడి మీద ఆన, మాంసం, వెన్న, చీజ్ పంపండి, చీజ్ అయితే బాగా పాతదే పంపండి అన్నాడు. నవలాకారులు ఆ ఆకలి గురించి రాయాల్సిందే.

కానీ సేవకుడికి ఒక కాగితం ఉండేది. ఒప్పందాన్ని ఒకే కాగితం మీద రెండుసార్లు రాసి, మధ్యలో పళ్లుపళ్లుగా కోసి చెరో ముక్క ఉంచుకునేవారు. అంచులు కలిస్తే అసలు పత్రమే. కాగితం లేకుండా వచ్చినవాళ్లకూ ఆనవాయితీ ప్రకారం గడువు ఉండేది. బానిసత్వానికి గడువు లేదు. వర్జీనియా 1662 చట్టంతో అది తల్లి నుంచి బిడ్డకు సంక్రమించింది.

కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన మన కూలీలదీ గడువు ఒప్పందమే. వాళ్ల కష్టం చెప్పడానికి ‘బానిస’ అన్న మాట అరువు తెచ్చుకోనక్కరలేదు.

వర్జీనియాలో 1680 చట్టం నల్లవాళ్ల చేతిలో కర్ర కూడా ఉండకూడదంది. గడువు తీరిన సేవకుడికి 10 బుషెళ్ల మొక్కజొన్న, 30 షిల్లింగులు, ఒక మంచి తుపాకీ ఇచ్చి పంపమని 1705 చట్టం చెప్పింది.