మందు పని చెయ్యలేదా? ముందు నాజిల్ విప్పండి: స్ప్రేయింగ్‌లో అపోహలు - వాస్తవాలు

వ్యవసాయ ఇంజనీరింగ్ చదివి, స్ప్రేయర్లను పరీక్షించే పనిలో తిరుపతి, చిత్తూరు జిల్లాల తోపులూ చేలూ తిరుగుతుంటాను. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "ఈ మందు పని చెయ్యలేదు సార్, ఇంకోటి చెప్పండి." నేను మందు పేరు చెప్పను. ట్యాంకు తెప్పించి, మందు చుక్కలుగా బయటికొచ్చే మూతిని, అంటే నాజిల్‌ను విప్పమంటాను. ఇందుకు కొందరికి నా మీద కోపం కూడా ఉంది.

అపోహ: ఆకుల నుంచి కారేదాకా కొడితేనే మందు పట్టినట్టు

దామలచెరువు వైపు ఒక తోతాపురి మామిడి తోపులో తేనెమంచు పురుగుకు పవర్ స్ప్రేయర్‌తో కొడుతున్నారు. గన్ను ధార చెట్టు కొసదాకా పోతోంది, చెట్టు కింద బురదైపోయింది. తడి తగిలితే పసుపు నుంచి నీలానికి మారే కాగితాలు మా దగ్గర ఉంటాయి. కొట్టకముందే వాటిని కొన్ని ఆకుల పైన, కొన్ని అడుగున, కొన్ని లోపలి కొమ్మల దగ్గర తగిలించాను. తర్వాత తీసి చూస్తే పైవి ముద్దగా నీలం. అడుగువి, లోపలివి దాదాపు పసుపుగానే ఉన్నాయి. పురుగు దాక్కునేది అక్కడే కదా!

ఆకు పట్టగలిగినంతే పడుతుంది. అంతకు మించితే చుక్కలన్నీ కలిసి జారిపోతాయి, అప్పటికే అంటుకున్న మందును కూడా ఈడ్చుకుపోతాయి. చుక్క వ్యాసం సగానికి తగ్గితే అవే నీళ్లతో ఎనిమిది రెట్లు చుక్కలొస్తాయి. అలాగని మరీ సన్నం చేయకూడదు. 100 మైక్రాన్లకు (మిల్లీమీటరులో పదో వంతుకు) లోపు చుక్క గాలికి పక్క తోపుకు పోతుంది.

అపోహ: ప్రెషర్ పెంచితే మందు లోపలికి దూసుకుపోతుంది

పోదు. అదే నాజిల్‌తో రెట్టింపు నీళ్లు రావాలంటే ప్రెషర్ నాలుగు రెట్లు పెంచాలి. ఆ ప్రెషర్‌కు చుక్క సన్నబడి ఎగిరిపోతుంది. ఎక్కువ నీళ్లు కావాలంటే పెద్ద నాజిల్ వేసుకోండి. చెట్టు లోపలికి మందు పోవాలంటే కత్తిరింపులు చేసి కొమ్మల మధ్య సందు ఇవ్వాలి.

అపోహ: ట్యాంకుకు ఎన్ని ఎమ్మెల్ అని తెలిస్తే చాలు

ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడుతున్నాయో తెలియకుండా ఆ లెక్కకు అర్థం లేదు. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చోటు కొలిచి, మీరు రోజూ నడిచే వేగంతోనే ఉత్త నీళ్లు కొట్టండి. ఖర్చయిన లీటర్లను 40తో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది. 5 లీటర్లు పట్టాయంటే ఎకరానికి 200 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండున్నర. ఎకరానికి 200 ఎమ్మెల్ వేయాల్సిన మందైతే ట్యాంకుకు 16 ఎమ్మెల్. ఆ కొలతతోనే వేగంగా నడిచి ఎనిమిది ట్యాంకులకే ఎకరం ముగించారనుకోండి, పడింది 128 ఎమ్మెల్. తర్వాత తిట్టేది మందును, నడకను ఎవరూ తిట్టరు.

అపోహ: ధార వస్తోందంటే నాజిల్ బాగున్నట్టే

నీళ్లలో కలిపే పొడి మందులు ఇత్తడి నాజిల్ రంధ్రాన్ని గరుకు కాగితంలా అరగదీస్తాయి. స్టీలు, సెరామిక్ నాజిళ్లు చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. కొత్త నాజిల్ కింద ఒక నిమిషం మగ్గు పెట్టి కొలిచి, ఆ అంకె ట్యాంకు మీదే రాసుకోండి. దానికంటే పది శాతం ఎక్కువ వస్తే పారేయండి. పిన్నుతో గుచ్చొద్దు, పాత టూత్‌బ్రష్ చాలు. నోటితో ఊదడం మాత్రం దయచేసి మానేయండి. ఒకసారి ఒకే పెట్టెలో కొన్న కొత్త నాజిళ్లు కొలిస్తే ఏ రెండూ ఒకేలా పోయలేదు. రంధ్రం కొలత పట్టని తయారీకి పైన మెరుగు ఎంత పెడితే ఏం లాభం?

అపోహ: డ్రోన్ వచ్చాక పాత స్ప్రేయర్లతో పని లేదు

శ్రీకాళహస్తి వైపు వరి మడుల్లో డ్రోన్ నాకూ ఇష్టమే, బురదలో ట్యాంకు మోసే మనిషికి విశ్రాంతి. ఎకరానికి 10 లీటర్ల నీళ్లతోనే పని అయిపోతుంది. కానీ గుబురు మామిడిలో చుక్కలు ఎక్కువగా పైకప్పు మీదే ఆగిపోతాయి. నీళ్లు తగ్గాయని ఎకరం మందు మోతాదును మార్చకూడదు. డ్రోన్‌తో మందు కొట్టే పద్ధతిపై కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో నియమాలు కూడా ఇచ్చింది.

అపోహ: కలుపు మందు కొట్టాక ట్యాంకును ఒకసారి తొలిస్తే సరి

పలమనేరు దగ్గర ఒక టమాటా తోటలో ఆకులు సన్నబడి మెలికలు తిరిగాయి. అందరూ వైరస్ అన్నారు. నాకు అనుమానం వచ్చింది సాళ్లు చూశాకే: మొదట కొట్టిన సాళ్లలో బాగా ఎక్కువ, పోనుపోను తక్కువ. వైరస్ అలా వరస పెట్టి తగ్గుతూ పోదు కదా. అడిగితే, టమాటాకు మందు కొట్టిన ట్యాంకుతోనే అంతకుముందు చెరకులో 2,4-డి అనే కలుపు మందు కొట్టామన్నారు. టమాటాకు అది లేశమాత్రం తగిలినా చాలు. పైపులో, గన్నులో, వాషర్లలో ఇరుక్కున్నది ఒక్కసారి తొలిస్తే పోదు.

ఆ రైతు ఇప్పుడు కలుపు మందుకు వేరే ట్యాంకు పెట్టాడు. పిల్లలు కూడా గుర్తుపట్టాలని దానికి ఎర్ర రంగు పూశాడు.