ఆర్కేడ్ షూటర్లు ఇంటి కంప్యూటర్‌కి వచ్చేసరికి ఎందుకు చెడ్డాయి: అపోహలు - వాస్తవాలు

1980ల్లో బ్రిటన్‌లో అమ్ముడైన పోర్టుల (ఆర్కేడ్ గేముల ఇంటి కంప్యూటర్ వెర్షన్ల) మీద తిట్లు ఇప్పటికీ ఆగలేదు. వాటిలో కొన్ని న్యాయమే, చాలావరకు కాదు.

అపోహ: ఆర్కేడ్‌లోనూ జెడ్80 ప్రాసెసరే, స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌లోనూ జెడ్80. గేమ్ కుంటుతోందంటే ప్రోగ్రామర్ బద్ధకమే.

క్యాప్‌కామ్ ‘1942’ (1984) బోర్డులో జెడ్80లు రెండున్నాయి, కానీ బొమ్మలు గీసే పని వాటిది కాదు. ‘ఈ విమానం ఇక్కడ’ అని చెబితే చాలు, మిగతాది వీడియో సర్క్యూట్లే చూసుకుంటాయి. స్పెక్ట్రమ్‌లో స్ప్రైట్లూ (చిప్పే గీసి కదిపే బొమ్మలు) లేవు, హార్డ్‌వేర్ స్క్రోలూ (తెరని చిప్పే జరపడం) లేదు. ప్రతి చుక్కా సీపీయూ మోయాల్సిందే.

లెక్క వేసి చూడండి. 256×192 తెర అంటే 6,144 బైట్లు. ఎల్‌డీఐఆర్ అనే మెమరీ కాపీ ఆదేశంతో బైటుకి 21 క్లాకులు (ప్రాసెసర్ టిక్కులు), అంటే మొత్తం సుమారు 1,29,000. టీవీ ఒక ఫ్రేముకి మన చేతిలో ఉండేది 69,888. తెరని ఒక్కసారి జరపడానికే దాదాపు రెండు ఫ్రేములు పోయాయి, ఇంకా శత్రువు కదల్లేదు, గుండు పేలలేదు. స్టాక్‌ని వాడుకుని పాప్-పుష్ (ఒకేసారి రెండేసి బైట్లు తీసి పెట్టే ఆదేశాలు) చేస్తే బైటుకి 10.5కి దిగుతుంది. అప్పుడు కూడా 64,512. పైగా తెర ఉన్న మెమరీని యూఎల్‌ఏ (టీవీకి బొమ్మ పంపే చిప్) కూడా చదువుతుంటుంది కాబట్టి, ఆ సమయంలో సీపీయూ ఆగాల్సి వస్తుంది. అందుకే ఆట చుట్టూ అంత లావు అలంకారపు చట్రం పెట్టేవారు. 192×128 కిటికీ అయితే పని సరిగ్గా సగం.

అపోహ: రంగులు ఒకదానికొకటి అంటుకోవడం ఆర్టిస్టు చేతగానితనం.

8×8 గడికి రెండే రంగులు. పసుపు ఓడ పచ్చటి పొద మీదుగా వెళ్తే, ఆ గడిలో ఉన్న పొద ముక్క కూడా పసుపైపోతుంది. ఆటంతా ఒకే రంగులో చేయడం ఓటమి కాదు, తెలివే. 1988 నాటి ‘ఆర్-టైప్’ స్పెక్ట్రమ్ పోర్టు రంగులు నిలబెట్టుకుందంటే, వెనక నల్లటి అంతరిక్షం ఉండటం పెద్ద కలిసొచ్చిన విషయం: నలుపు పోను గడిలో ఒక రంగుకి చోటు మిగిలింది.

అపోహ: మరో ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64లో స్ప్రైట్లు, స్క్రోల్ రెండూ ఉన్నాయి, సాకులు చెల్లవు.

స్క్రోల్ రిజిస్టర్ జరిపేది 7 పిక్సెళ్ల వరకే. ఎనిమిదో పిక్సెల్‌కి వెయ్యి అక్షరాలు (నేపథ్యాన్ని కూర్చే 8×8 ముక్కలు), వెయ్యి రంగు గడులు పక్కకి తోయాలి. అక్షరాల్ని రెండో బఫర్‌లో (తెర మీద కనపడని మెమరీలో) నాలుగైదు ఫ్రేముల పాటు తీరిగ్గా సిద్ధం చేసుకోవచ్చు. రంగుల మెమరీ మాత్రం ఒక్క చోటే ఉంది, దానికి బఫర్ లేదు. లూపులు విప్పి రాసినా బైటుకి 8 సైకిళ్లు, అంటే 8,000. పాల్ (బ్రిటన్‌లోని 50 హెర్ట్‌జ్ టీవీ పద్ధతి) ఫ్రేములో ఉన్నదే 19,656. చాలా షూటర్లలో నేపథ్యం రంగు మారకుండా ఉండిపోవడానికి ఇదో కారణం.

అపోహ: అమీగా పోర్టు గతుకులు పడుతోందంటే మెషీన్‌కి శక్తి చాలలేదు.

ఇక్కడ మాత్రం తిట్టొచ్చు. అమీగాకి పోటీ కంప్యూటరైన అటారీ ఎస్టీకీ అదే 68000 ప్రాసెసర్. ఎస్టీ కోడ్‌నే తెచ్చి దించేస్తే రెండో మెషీన్‌కి ఖర్చు మిగులుతుంది, అమీగాలో బొమ్మల్ని వేగంగా కాపీ చేసే బ్లిటర్ చిప్ ఖాళీగా కూర్చుంటుంది. గుర్తుపట్టడం తేలిక: 16 రంగులే ఉంటాయి, స్క్రోల్ దఫదఫాలుగా గెంతుతుంది.

అపోహ: వేగం, గుండ్లు అన్నీ ఆర్కేడ్ అంకెలతోనే దించితే అచ్చు అదే ఆట వస్తుంది.

పోర్టుల్ని ఎక్కువగా చంపింది ఇదే. ‘1942’ మానిటర్ నిలువుగా ఉంటుంది: 224×256. గుండు ఫ్రేముకి 2 పిక్సెళ్ల చొప్పున వస్తే, పైనుంచి కిందకి 128 ఫ్రేములు. 192 గీతల ఎత్తున్న తెర మీద 96. తప్పుకునే సమయంలో పావు వంతు గల్లంతు. పైగా 60 హెర్ట్‌జ్ కోసం రాసిన అంకెల్ని 50 హెర్ట్‌జ్ టీవీలో పెడితే ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది, సంగీతంతో సహా.

‘స్పేస్ ఇన్‌వేడర్స్’ (1978) ఇంకా చిత్రం. బోర్డు ఫ్రేముకి ఒక్క గ్రహాంతరవాసినే జరుపుతుంది. 55 మంది ఉంటే దండు మొత్తం కదలడానికి 55 ఫ్రేములు, ఒక్కడే మిగిలితే ప్రతి ఫ్రేమూ పరుగే. ఆ ఉద్వేగం దానంతటదే పుట్టింది. అందర్నీ ఒకేసారి జరిపే పోర్టులో అది మాయమవుతుంది, ఎంతమంది మిగిలారో చూసి వేగాన్ని పట్టికలోంచి తీసి పెట్టాలి.

పక్కపక్కన పెట్టి పోల్చాలనుకుంటే, మామ్‌లో (ఆర్కేడ్ గేముల్ని కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్) ఆటని ఆపి, ఒక్కో ఫ్రేము జరపండి. గుండు తెర దాటడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. ఇంటి వెర్షన్‌ని పాల్ మోడల్‌లో, మానిటర్‌ని 50 హెర్ట్‌జ్‌లో ఉంచి చూడండి. 60లో ఉంచితే, పోర్టులో లేని కుదుపులు కూడా దాని ఖాతాలో పడతాయి.