గులాబీ కన్ను, పరదేశపు వేరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరంతా కలిసి రాసిన ఉత్తరం అందింది. చివరి పంక్తి మీలో చిన్నవాడిదని ఆ వంకర అక్షరాలు చూడగానే తెలిసిపోయింది. "తాతయ్యా, మన భాష రాని వాళ్లకు మన పుస్తకం ఎలా అమ్ముతారు? వాళ్లు చదవలేరు కదా!" అని అడిగాడు. పిల్లల పుస్తకాలు అచ్చువేయించే పనిలోనే నా వయసంతా గడిచింది గాని, ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. నన్ను నేనైనా ఇలా ప్రశ్నించుకుని ఉంటే, మొదటిసారి బొలోన్యా వెళ్లినప్పుడు అంత బరువు మోసేవాణ్ణి కాదు.

బొలోన్యా ఇటలీలో ఒక నగరం. కేవలం పిల్లల పుస్తకాల కోసమే జరిగే అంతర్జాతీయ ప్రదర్శన 1964లో అక్కడ మొదలైంది. విచిత్రమేమిటంటే, అది వృత్తిలో ఉన్నవారి కోసం జరిగేది కనుక, పిల్లల పుస్తకాల సంతలో పిల్లలే కనిపించరు. నేను రెండు పెట్టెల నిండా పుస్తకాలు మోసుకెళ్లి, బల్ల మీద పేర్చి, కొనేవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఒక్క ప్రతి కదలలేదు. పక్క బల్ల దగ్గర కూర్చున్నావిడ ముందు పట్టుమని పది పుస్తకాలైనా లేవు. అయినా అరగంటకొకరు చొప్పున వచ్చి, ఆమె చూపించినవి చూసి, ఏదో రాసుకుని వెళుతున్నారు. ఆ మనుషులందరితో ఆమె కొన్ని వారాల ముందే ఉత్తరాలు నడిపి సమయం ఖాయం చేసుకుందని, అక్కడ అమ్మేది పుస్తకాన్ని కాదు, దాన్ని మరొక భాషలో అచ్చువేసుకునే హక్కునని నాకు బోధపడేసరికి ప్రదర్శన ముగిసింది. మోసుకెళ్లిన పెట్టెలు మోసుకుంటూ తిరిగివచ్చాను.

ఇది మీకు అర్థం కావాలంటే గులాబీ అంటు గురించి చెప్పాలి. మా నాన్నగారికి గులాబీలంటే ప్రాణం. ఎవరి తోటలోనైనా మంచి పువ్వు కనిపిస్తే మొక్కను అడిగేవారు కాదు, ఒక చిన్న రెమ్మను అడిగేవారు. ఆ రెమ్మ మీద, ఆకు కాడ మొదట్లో, గింజంత ఉబ్బు ఉంటుంది. దాన్నే కన్ను అంటారు. ఆ కన్నును పలుచని బెరడుతో సహా చెక్కి తీసి, మా పెరట్లోని మొండి నాటు గులాబీ కాండానికి గాటు పెట్టి, బెరడు కింద దాన్ని జొప్పించి, గట్టిగా కట్టు కట్టేవారు. అది అతుక్కుంటే తరువాత పూసే పువ్వు రంగు కన్నుది, బలం వేరుది. కన్ను ఇచ్చినవారి తోటలో మొక్క ఎప్పటిలాగే పూస్తూ ఉంటుంది. వారికి తరిగిందేమీ లేదు.

అనువాద హక్కు కూడా అంతే. కథ, బొమ్మలు కలిసి కన్ను. కొనేవారి భాష, దాన్ని చదివే పిల్లలు, అక్కడి ప్రచురణకర్త కలిసి వేరు. అనువాదకుడు కత్తి పట్టినవాడు. ఏ భాషలో, ఏయే దేశాలలో, ఎన్నేళ్లపాటు, ఎన్ని ప్రతులు అన్నది ఒప్పందంలో రాసుకుంటారు. అంటే ఎన్ని కన్నులు, ఏ తోటలో అని ముందే చెప్పుకోవడమన్నమాట. కొనేవారు మొదట కొంత అడ్వాన్సు ఇస్తారు, అమ్ముడయ్యే ప్రతి పుస్తకం మీద రాయల్టీని, అంటే మనకు రావలసిన వాటాను, లెక్కగట్టి అందులోంచి తగ్గించుకుంటారు, అడ్వాన్సు తీరిపోయాక మిగిలేది పంపిస్తారు.

ఒకసారి నాన్నగారు కట్టిన కట్టును, కన్ను అతుక్కుందో లేదో చూద్దామని, నేను రోజూ సాయంత్రం విప్పి మళ్లీ కట్టేవాణ్ణి. నాలుగో రోజుకు కన్ను నల్లబడిపోయింది. ఆయన కొట్టలేదు, మరో కన్ను తెచ్చి కడుతూ, "ఈసారి మూడు వారాలు అటువైపు పోకు" అన్నారంతే. ప్రదర్శనలో పుస్తకం నచ్చిందన్నవారు తమ ఊరు వెళ్లి, తమవాళ్లకు చూపించి, లెక్కలు వేసుకుని బదులు రాయడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయవచ్చు. వారం వారం ఉత్తరం రాసేవాడు కట్టు విప్పి చూసే కుర్రవాడి వంటివాడు.

రెండోసారి తెలివి తెచ్చుకుని ఆరే ఆరు పుస్తకాలు తీసుకెళ్లాను. ఒక్కొక్కదానికి కథ సారాంశం, రెండు మూడు పేజీల నమూనా అనువాదం కుట్టి పెట్టాను. ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. నా సారాంశం వైపు చూడనైనా చూడలేదు. ఎడమ అరచేతితో అక్షరాలను కప్పేసి, బొమ్మలు మాత్రమే చూస్తూ మొదటి నుంచి చివరిదాకా మెల్లగా పేజీలు తిప్పింది. ఒకచోట నవ్వింది, అది సరిగ్గా నవ్వవలసిన చోటే. చిన్నవాడి ప్రశ్నకు జవాబు ఆ అరచేయే: అక్షరాలు కప్పేసినా బొమ్మలు ఆమెకు కథ చెప్పాయి. ఆ తరువాత ఆమె పెన్సిలు మొనతో ఒక బొమ్మలో పిల్లి కూర్చున్న గోడను చూపించింది. ఆ గోడ మీద మా చిత్రకారుడు ఎంతో ముచ్చటగా మన అక్షరాలతో ఒక బోర్డు గీశాడు. "ఇది మళ్లీ గీయించాలి" అంది.

గులాబీ ఇక్కడ నాకు సాయపడదు, అచ్చుయంత్రం దగ్గరకు రావలసిందే. రంగుల బొమ్మను నీలం, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ప్లేట్లతో, అంటే రంగుకొక అచ్చురేకుతో, అచ్చువేస్తారు. అక్షరాలు నల్లగా, విడిగా ఉంటే, భాష మారినప్పుడు ఆ నలుపు ప్లేటు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. బొమ్మలోని నలుపుతో కలవకుండా అక్షరాలకు వేరే నలుపు ప్లేటు చేయించేవారూ ఉన్నారు. అందుకే నాలుగు దేశాల ప్రచురణకర్తలు కలిసి ఒకే యంత్రం మీద, రంగులు ఆపకుండా, నాలుగు భాషల పుస్తకాలను ఒకేసారి అచ్చువేయించుకుని ఖర్చు పంచుకోగలుగుతారు. గోడ మీది బోర్డు రంగులలో కలిసిపోతే ఆ వెసులుబాటు పోతుంది.

ఇంతకీ భాష రాని పుస్తకం చూడడం వల్ల ప్రయోజనమేమిటని మీలో పెద్దది అడగవచ్చు. నాజీల కాలంలో జర్మనీ విడిచి వెళ్లవలసివచ్చిన యెల్లా లెప్‌మాన్ అనే ఆమె, యుద్ధం ముగిశాక తిరిగివచ్చి, పిల్లల పుస్తకాలు పంపమని ఎన్నో దేశాలకు ఉత్తరాలు రాసింది. నిన్నటిదాకా శత్రువులైన దేశాలవారు పంపిన ఆ పుస్తకాలతో 1946లో మ్యూనిక్‌లో ప్రదర్శన పెట్టింది. వచ్చిన పిల్లలలో చాలామందికి ఆ భాషలు రావు. అయినా వచ్చారు, చూశారు. 1949లో అదే నగరంలో ఆమె అంతర్జాతీయ బాలల గ్రంథాలయాన్ని నెలకొల్పింది. శిథిలాల మధ్య ఒక పిల్లవాడు చదవలేని పుస్తకం ముందు నిలబడి ఏం చూసి ఉంటాడన్నది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తెగదు.

ఇప్పుడు మీకొక పని. ఇంట్లో ఉన్న అనువాద బొమ్మల పుస్తకం ఒకటి తీసి, శీర్షిక పేజీ వెనుక వైపు సన్నని అక్షరాలు చదవండి. అది మొదట ఏ భాషలో పుట్టిందో అక్కడ దొరకవచ్చు. తరువాత భూతద్దం పెట్టి, ముందు బొమ్మను, ఆ పక్కనే ఒక అక్షరాన్ని చూడండి. కనిపించింది రాసి పంపండి. చిన్నవాడు రాయనక్కరలేదు, బొమ్మ వేసి పంపితే చాలు. దానికి పేరు పెట్టదలచుకుంటే మాత్రం వేరే కాగితం మీద రాయమనండి.

మీ తాతయ్య